బ్యాంకులో పడిందే టర్నోవర్ కాదు: ఆన్‌లైన్ సొంత వ్యాపారుల ఆదాయపు పన్ను లెక్క

మంగళగిరి చీరలు తెప్పించి ఒక ఆన్‌లైన్ వేదిక మీద అమ్మే చిన్న వ్యాపారం ఉందనుకుందాం. ఏడాదిలో పంపిన సరుకు విలువ, జీఎస్టీ కాకుండా, 48 లక్షల రూపాయలు. అందులో 9 లక్షల సరుకు వెనక్కి వచ్చింది. బట్టల వ్యాపారంలో ఇదేమీ వింత కాదు. నికరంగా నిలిచిన అమ్మకం 39 లక్షలు. దాని మీద 5 శాతం జీఎస్టీ 1,95,000 కలిపితే కొన్నవాళ్లు కట్టింది 40,95,000. వేదిక తన కమీషన్, షిప్పింగ్, వాపసు ఛార్జీలు, ప్రకటనల ఖర్చు కింద 10 లక్షలు, వాటి మీద 18 శాతం జీఎస్టీ 1,80,000 మినహాయించుకుంది. జీఎస్టీ చట్టం కింద టీసీఎస్ (వసూలు దగ్గరే పట్టే పన్ను) 19,500, ఆదాయపు పన్ను చట్టం కింద టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసే పన్ను) 4,800 పట్టుకుంది. చివరికి బ్యాంకు ఖాతాలో పడింది 28,90,700.

ఒకే వ్యాపారానికి, ఒకే ఏడాదికి మూడు అంకెలు వచ్చాయి: 48 లక్షలు, 39 లక్షలు, దాదాపు 29 లక్షలు. ఆదాయపు పన్ను రిటర్న్‌లో టర్నోవర్ గడిలో రాయాల్సింది 39 లక్షలు. చాలామంది బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి 29 లక్షలు రాస్తారు. పన్ను శాఖ దగ్గర ప్రతి పాన్ మీద ఉండే వార్షిక సమాచార పట్టీ, అంటే ఏఐఎస్‌లో మాత్రం 48 లక్షలు కనబడుతుంది. ఆన్‌లైన్ వ్యాపారులకు వచ్చే నోటీసుల్లో చాలా వాటికి మూలం ఈ తేడాయే. కట్టాల్సిన పన్ను తరచుగా చిన్నదే, ఒక్కోసారి సున్నా కూడా. అంకెలు ఒకదానికొకటి పొసగకపోవడమే అసలు తలనొప్పి.

ఇక్కడ చెప్పేదంతా 2025–26 ఆర్థిక సంవత్సరం లెక్క. దీనికి రిటర్న్ పాత 1961 చట్టం ప్రకారమే వేయాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం–2025 అమల్లోకి వచ్చింది కాబట్టి ఆ తర్వాతి సంపాదనకు సెక్షన్ల నంబర్లు మారతాయి. లాభాన్ని టర్నోవర్‌లో ఒక శాతంగా అంచనా వేసే 44ఏడీ, 44ఏడీఏ సెక్షన్ 58లోకి, జీతానిది కాక మిగతా టీడీఎస్ సెక్షన్లు 393లోకి చేరాయి. సంపాదించిన ఏడాది తర్వాత వచ్చే ‘అసెస్‌మెంట్ సంవత్సరం’ పోయి ‘పన్ను సంవత్సరం’ వచ్చింది.

48 లక్షలు ఎక్కడి నుంచి వచ్చింది

సెక్షన్ 194-ఓ ప్రకారం ఈ-కామర్స్ వేదిక తన ద్వారా జరిగిన అమ్మకపు మొత్తం మీద 0.1 శాతం టీడీఎస్ పట్టాలి. 2024 అక్టోబరు 1కి ముందు ఇది 1 శాతం. వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు ఏడాది అమ్మకం 5 లక్షలు దాటకపోతే, పాన్ గానీ ఆధార్ గానీ ఇచ్చి ఉంటే, కోత ఉండదు. అవి ఇవ్వకపోతే 5 శాతం. కమీషన్ తీసేశాక మిగిలిన సొమ్ము మీద కాదు, మొత్తం అమ్మకం మీద కోత పడుతుందన్నది ఇందులో గమనించాల్సిన సంగతి. సరుకు తిరిగొస్తే అప్పటికే పట్టిన టీడీఎస్‌ను అదే ఏడాదిలో అదే విక్రేత తర్వాతి అమ్మకాలతో సర్దుకునే వీలుంది. సర్దని చోట తిరిగొచ్చిన సరుకు విలువ కూడా విక్రేత పాన్ మీద అలాగే నిలిచిపోతుంది.

కాబట్టి 48 నుంచి 39కి ఎలా దిగామో చూపే కాగితం ఒకటి విక్రేత దగ్గర సిద్ధంగా ఉండాలి. విక్రేత ఖాతా నుంచి నెలవారీ పన్ను నివేదిక (అమెజాన్‌లో దీన్ని ఎంటీఆర్ అంటారు), సెటిల్‌మెంట్ నివేదిక రెండూ దించుకోవాలి. పన్ను నివేదికలో ప్రతి ఆర్డర్‌కీ ఇన్‌వాయిస్, వాపసుకు క్రెడిట్ నోట్ ఉంటాయి. సెటిల్‌మెంట్ నివేదికలో ఏ ఫీజు ఎంత కోశారో ఉంటుంది. పన్నెండు నెలలకు ఒక ఎక్సెల్ షీటు చాలు. మొత్తం అమ్మకం, వాపసులు, నికర అమ్మకం, జీఎస్టీ, ఫీజులు, టీసీఎస్, టీడీఎస్, బ్యాంకు జమ అని వరస కాలమ్‌లు పెట్టి, నెలనెలా చివరి కాలమ్‌ను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోవాలి. ఈ పని జూలైలో కూర్చుని ఒక్కసారిగా చేయాలనుకుంటే కుదరదు. పాత నివేదికలు ఎప్పటికీ దించుకోవడానికి అందుబాటులో ఉంటాయన్న హామీ లేదు, ఖాతా సస్పెండ్ అయితే అసలే అందవు.

మార్చి చివరి వారం అమ్మకాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. సరుకు మార్చి 28న వెళ్లింది, డబ్బు ఏప్రిల్ 7న పడింది. అమ్మకం మార్చిదే, టర్నోవర్‌లో ఈ ఏడాదే చూపాలి. దానికి సంబంధించిన టీడీఎస్ ఏప్రిల్ పద్దులో పడితే ఆ క్రెడిట్‌ను ఎటు వాడుకున్నారో రిటర్న్‌లోని టీడీఎస్ షెడ్యూల్‌లో చూపాలి. ఆదాయం ఏ ఏడాదిలో చూపితే టీడీఎస్ క్రెడిట్ ఆ ఏడాదిదే అన్నది నియమం. మిగిలింది ముందుకు జరుపుకోవడానికి అదే షెడ్యూల్‌లో గడి ఉంది.

టీసీఎస్‌ను మాత్రం ఇందులో కలపకూడదు. జీఎస్టీ చట్టం కింద వేదిక పట్టే ఈ 0.5 శాతం (2024 జూలై 10కి ముందు 1 శాతం) నికర అమ్మకం మీద లెక్క. ఇది ఆదాయపు పన్ను రిటర్న్‌లోకి రాదు, పాన్ మీద పడ్డ టీడీఎస్‌లు చూపే 26ఏఎస్ పట్టీలో కనబడదు. జీఎస్టీ పోర్టల్‌లో ‘టీడీఎస్ అండ్ టీసీఎస్ క్రెడిట్ రిసీవ్డ్’ అన్న చోటికి వెళ్లి ఆమోదిస్తే క్యాష్ లెడ్జర్‌లో (జీఎస్టీ కట్టడానికి వాడుకునే పోర్టల్ ఖాతా) పడుతుంది. చాలా చిన్న వ్యాపారాల్లో ఈ సొమ్ము ఎవరూ అడక్క అలాగే ఉండిపోతుంది. పై ఉదాహరణలో 19,500 అంటే ఆదాయపు పన్ను టీడీఎస్‌కి నాలుగు రెట్లు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోదాం. వేదిక ద్వారా ఇతర రాష్ట్రాలకు సరుకు అమ్మితే టర్నోవర్‌తో పని లేకుండా నమోదు తప్పదు. సొంత రాష్ట్రంలోనే, ఒక టర్నోవర్ పరిమితి లోపు అమ్మేవాళ్లకు 2023 అక్టోబరు 1 నుంచి ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో సరిపెట్టుకునే వీలు వచ్చింది. సరుకులకు ఆ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. జీఎస్టీ ఉన్నవాళ్లు ఐటీఆర్‌లో (ఆదాయపు పన్ను రిటర్న్ ఫారం) తమ జీఎస్టీ నంబరు (జీఎస్టీఐఎన్), జీఎస్టీలో చూపిన టర్నోవర్ రాయాలి. ఆ అంకె పక్కనే ఉంటుంది కాబట్టి ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి రాస్తే ఎవరూ వెతకక్కర్లేకుండానే దొరికిపోతుంది.

6 శాతం వెనకున్న అసలు మాట

సొంత వ్యాపారానికి వేరే పాన్ ఉండదు. దుకాణం పేరు ఏదైనా, కరెంట్ ఖాతా ఏ పేరున తెరిచినా, పన్ను కట్టేది యజమానే, తన పాన్ మీదే. ఉద్యోగం ఉంటే జీతం, అద్దె ఉంటే అద్దె, ఈ లాభం అన్నీ కలిపి ఒకే రిటర్న్. వ్యాపార ఆదాయం రూపాయి ఉన్నా ఐటీఆర్-1 పనికిరాదు. లాభాన్ని శాతంలో అంచనాగా చూపేవాళ్లు ఐటీఆర్-4, అసలు ఖర్చుల లెక్క చూపేవాళ్లు ఐటీఆర్-3 వేయాలి.

ఐటీఆర్-4 వేసేవాళ్లు సాధారణంగా సెక్షన్ 44ఏడీ తీసుకుంటారు. టర్నోవర్ 2 కోట్ల లోపు ఉండాలి. నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 3 కోట్ల దాకా వీలుంది. బ్యాంకు, యూపీఐ, ఇతర ఎలక్ట్రానిక్ మార్గాల్లో వచ్చిన అమ్మకాల మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభంగా చూపితే ఖర్చుల లెక్క చూపక్కర్లేదు. క్యాష్ ఆన్ డెలివరీ సంగతేమిటని చాలామంది అడుగుతారు. కొన్నవాళ్లు కొరియర్ మనిషికి నగదు ఇచ్చినా విక్రేతకు ఆ డబ్బు వేదిక నుంచి బ్యాంకు ద్వారానే వస్తుంది కాబట్టి 6 శాతంలో వేసుకుంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్ తీసుకుని, సొంత కుర్రాడి చేత పంపి, నగదు చేతికి తీసుకుంటే మాత్రం 8 శాతం.

మన ఉదాహరణలో 39 లక్షల మీద 6 శాతం అంటే 2,34,000. బ్యాంకు జమ మీద లెక్క వేసిన మనిషి 1,73,442 చూపుతాడు. పన్ను రెండింటికీ సున్నాయే. అయినా రెండోది తప్పుడు రిటర్న్, ఎందుకంటే 44ఏడీ అడిగేది టర్నోవర్ మీద శాతం.

ఇక ఈ 6 శాతం కనీసమే, స్థిరమైన రేటు కాదు. అంతకన్నా ఎక్కువ సంపాదించామని చెప్పుకునేవాళ్లు ఎక్కువే చూపాలని సెక్షన్‌లోనే ఉంది. మన చీరల వ్యాపారంలో అమ్మిన సరుకు కొన్న ధర 22 లక్షలు, వేదిక ఖర్చులు 10 లక్షలు, కవర్లు, టేపు, లేబుళ్లకు 1,20,000, సాయం చేసే మనిషి జీతం 1,80,000 అనుకుంటే నిజమైన లాభం 4 లక్షలు. అంటే టర్నోవర్‌లో 10 శాతం పైనే. ఇక్కడ చాలామంది కన్సల్టెంట్లు అలవాటుగా 6 శాతమే వేసేస్తారు. చిన్న వ్యాపారికి దీనివల్ల లాభం ఏమీ లేదని చెప్పాలి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా సెక్షన్ 87ఏ రిబేటుతో (పన్నులో ఇచ్చే తగ్గింపు) పన్ను సున్నా. 2,34,000 చూపినా 4 లక్షలు చూపినా కట్టేది ఏమీ ఉండదు. తేడా వచ్చేది బ్యాంకు దగ్గర. ఇంటి రుణానికో ముద్రా రుణానికో వెళ్తే మూడేళ్ల ఐటీఆర్‌లు అడుగుతారు. తక్కువ చూపిన లాభమే అప్పుడు అడ్డం పడుతుంది. పైగా ఏడాదికి రెండు లక్షల పైచిలుకు ఆదాయం చూపుతూ కారు కొన్నా, స్థలం రిజిస్టర్ చేయించుకున్నా ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే చెప్పడానికి లెక్క ఉండదు. 44ఏడీ జమాఖర్చు పుస్తకాల నుంచి మినహాయింపు ఇస్తుంది గానీ ఆస్తికి మూలం చూపే బాధ్యత నుంచి ఇవ్వదు.

ఐటీఆర్-4లో నాలుగు గడులు చాలామంది గుడ్డిగా నింపేస్తారు: అప్పిచ్చినవాళ్లకు ఇవ్వాల్సింది, మిగిలిన సరుకు, రావాల్సినవి, చేతిలో నగదు. మార్చి 31న వేదిక గోదాములో ఉన్న స్టాకు కూడా విక్రేత సరుకే. హైదరాబాద్ గోదాములో 3 లక్షల రూపాయల చీరలు ఉంచి సరుకు గడిలో సున్నా వేస్తే, తర్వాత ఏ ఏడాదైనా 44ఏడీ వదిలి పుస్తకాలకు మారేటప్పుడు ఆరంభ నిల్వ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేక తిప్పలు పడాలి.

ఒకసారి 44ఏడీ తీసుకుంటే ఐదేళ్ల మెలిక కూడా ఉంది. తర్వాతి ఐదేళ్లలో ఎప్పుడైనా 6 శాతం కన్నా తక్కువ లాభం చూపి బయటికొస్తే, ఆ తర్వాత ఐదేళ్లు మళ్లీ ఆ పద్ధతి దొరకదు. మొత్తం ఆదాయం పన్ను పడని కనీస పరిమితి దాటితే ఆ కాలమంతా పుస్తకాలు, ఆడిట్ తప్పవు. ఇంతవరకూ 44ఏడీ ముట్టని మనిషికి మాత్రం ఈ మెలిక లేదు. కొత్తగా మొదలుపెట్టి మొదటి ఏడాదే నష్టపోతే, టర్నోవర్ కోటి లోపు ఉంటే, పుస్తకాలు రాసుకుని ఐటీఆర్-3 వేస్తే సరి, ఆడిట్ అక్కర్లేదు. ‘6 శాతం చూపకపోతే ఆడిట్టే’ అని భయపెట్టడం వల్ల ఎందరో మొదటి ఏడాది నష్టాన్ని లాభంగా చూపుతున్నారు. గడువులోపు రిటర్న్ వేస్తే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకుపోవచ్చు. గడువు దాటితే ఆ హక్కు పోతుంది.

కమీషన్ వాళ్లు, ఫ్రీలాన్సర్లు, యూట్యూబర్లు

44ఏడీ కమీషన్, బ్రోకరేజీ ఆదాయానికి, ఏజెన్సీ వ్యాపారానికి వర్తించదు. టెలిగ్రామ్ ఛానల్‌లో డీల్స్ లింకులు పెట్టి అఫిలియేట్ కమీషన్ తీసుకునేవాళ్లు 6 శాతం చూపి ఐటీఆర్-4 వేయడం సూటిగా తప్పు. వాళ్లది ఐటీఆర్-3, ఖర్చుల లెక్కతో. ఈ కమీషన్ మీద సెక్షన్ 194హెచ్ కింద ఏడాదికి 20 వేలు దాటితే 2 శాతం టీడీఎస్ పడుతుంది. అది కమీషన్ అని 26ఏఎస్‌లోనే సెక్షన్ నంబరుతో రాసి ఉంటుంది. కాబట్టి కాదని వాదించే అవకాశం తక్కువ.

సాఫ్ట్‌వేర్ ఫ్రీలాన్సర్లకు సెక్షన్ 44ఏడీఏ ఉంది. లా, వైద్యం, ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, అకౌంటింగ్, టెక్నికల్ కన్సల్టెన్సీ, ఇంటీరియర్ డెకరేషన్, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ వంటి నిర్దిష్ట వృత్తులకే ఇది. వసూళ్లు 50 లక్షల లోపు, నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల లోపు ఉండాలి. లాభం కనీసం 50 శాతం చూపాలి. విదేశీ క్లయింట్ పంపిన డాలర్లలో పేపాల్‌ తరహా మధ్యవర్తి తన ఫీజు కోసుకుని మిగతాది పంపితే, వసూలు అంటే కోతకు ముందు మొత్తం. ఇక్కడా అదే పొరపాటు, బ్యాంకులో పడిందే వసూలనుకోవడం.

యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ వాళ్ల సంగతి అంత తేలిక కాదు. ఐటీఆర్ ఫారాల్లో సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్లకు 16021 అని ప్రత్యేక కోడ్ ఇచ్చారు. అయితే 44ఏడీఏ వర్తించే వృత్తుల జాబితాలో ఆ పేరు లేదు కాబట్టి వాదన మిగిలే ఉంది. కెమెరా, ఎడిటింగ్, ప్రయాణాల ఖర్చు నిజంగానే ఎక్కువ ఉన్న ఛానళ్లకు ఐటీఆర్-3లో అసలు ఖర్చులు చూపడమే మేలు. అక్కడ ఈ వివాదం రాదు.

బ్రాండ్లు ఇచ్చే వస్తువులు కూడా ఆదాయమే. సమీక్ష కోసం ఇచ్చిన ఫోన్‌ను తిరిగి ఇచ్చేస్తే లెక్కలోకి రాదు. ఉంచుకుంటే, ఒకే సంస్థ నుంచి ఏడాదిలో వచ్చిన వాటి విలువ 20 వేలు దాటితే, సెక్షన్ 194ఆర్ కింద 10 శాతం టీడీఎస్. 70 వేల ఫోన్ ఉంచుకున్న మనిషి ఆ 70 వేలను వసూళ్లలో కలపాలి. డబ్బు చేతికి రాలేదుగా అంటే కుదరదు, ఏఐఎస్‌లో ఆ పద్దు ఉంటుంది.

తెలుగు ఛానళ్లకు ప్రత్యేకంగా తగిలేది అమెరికా కోత. వంటల ఛానళ్లకు, సినిమా కబుర్ల ఛానళ్లకు డాలస్, న్యూజెర్సీ వైపు ప్రేక్షకులు బాగా ఉంటారు. అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చిన ఆదాయం మీద గూగుల్ అమెరికా పన్ను పట్టుకుంటుంది. యాడ్‌సెన్స్‌లో డబ్ల్యు-8బెన్ ఫారం నింపి భారత్–అమెరికా పన్ను ఒప్పందం ఎంచుకుంటే ఆ భాగం మీద 15 శాతం. ఫారమే ఇవ్వకపోతే ప్రపంచం మొత్తం ఆదాయం మీద 24 శాతం వరకు పోవచ్చు. ఒక నెల ఆదాయం 1,000 డాలర్లు, అందులో అమెరికా వాటా 300 అయితే, కోత 45, చేతికి 955. ఇక్కడ చూపాల్సిన ఆదాయం 1,000 డాలర్ల రూపాయి విలువే. ఆ 45 డాలర్లను ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవాలంటే ఫారం 67 ఆన్‌లైన్‌లో వేసి, రిటర్న్‌లో విదేశీ ఆదాయం, పన్ను ఊరట షెడ్యూళ్లు నింపాలి. అవి ఐటీఆర్-4లో లేవు, ఐటీఆర్-3లోనే ఉన్నాయి. ఇంకొకటి: ఇక్కడ 87ఏ రిబేటుతో పన్ను సున్నా అయిపోతే తగ్గించుకోవడానికి ఏమీ మిగలదు. అమెరికా పట్టుకున్నదాన్ని భారత ప్రభుత్వం రీఫండ్ ఇవ్వదు.

12 లక్షలా, 12.75 లక్షలా

12,75,000 దాకా పన్ను లేదని ప్రచారమైంది జీతగాళ్ల లెక్క. 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ జీతానికి, పెన్షన్‌కే. వ్యాపారికి గీత 12 లక్షల దగ్గరే. శ్లాబులు 4 లక్షల దాకా సున్నా, ఆపై ప్రతి 4 లక్షలకు 5, 10, 15, 20, 25 శాతం, 24 లక్షలు దాటాక 30 శాతం. అన్నిటి మీద 4 శాతం సెస్సు. లాభం 12,10,000 వస్తే శ్లాబుల ప్రకారం 61,500 పడాలి గానీ, మార్జినల్ రిలీఫ్ వల్ల 12 లక్షలు దాటిన 10 వేలకే పన్ను ఆగుతుంది. సెస్సుతో 10,400.

పాత విధానం కావాలంటే వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు రిటర్న్ గడువులోపు ఫారం 10-ఐఈఏ వేయాలి. జీతగాళ్లలా ఏటా అటూ ఇటూ మారడానికి లేదు. ఒకసారి పాతదానికి వెళ్లి కొత్తదానికి తిరిగొస్తే, వ్యాపార ఆదాయం ఉన్నంతకాలం మళ్లీ పాతది దొరకదు. ఒక ఏడాది ఎల్ఐసీ, పీపీఎఫ్ మినహాయింపు కోసం తొందరపడి ఈ అవకాశం వాడేసుకోవడం మంచిది కాదు.

పుస్తకాలతో వెళ్లేవాళ్లకు

ఐటీఆర్-3 మార్గంలో వేదిక ఫీజులు, ప్యాకింగ్, ప్రకటనలు, పేమెంట్ గేట్‌వే ఛార్జీలు, గది అద్దె, ఇంటర్నెట్‌లో వ్యాపారం వాటా అన్నీ ఖర్చులే. వేదిక ఫీజుల మీద జీఎస్టీని ఇన్‌పుట్‌గా (కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గింపుగా) తీసుకుంటే అది మళ్లీ ఖర్చులో రాకూడదు, మన ఉదాహరణలో 10 లక్షలే ఖర్చు. లాప్‌టాప్ మీద 40 శాతం, కెమెరా మీద 15 శాతం తరుగుదల. కొని 180 రోజులు వాడకపోతే ఆ ఏడాది సగమే. యజమాని తనకు తాను జీతం రాసుకోవడానికి లేదు. ఖాతాలోంచి ఇంటికి తీసుకునేది సొంత వాడకమే, ఖర్చు కాదు. సరుకు తెచ్చేటప్పుడు ఒకే మనిషికి ఒకే రోజు 10 వేలు మించి నగదు ఇస్తే ఆ మొత్తం ఖర్చుగా ఒప్పుకోరు. టోకు దుకాణాల్లో నగదుకు కొనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే; కరెంటు వాడకుండా కుటీర పరిశ్రమగా మగ్గం మీద నేసినవాళ్లకే నేరుగా ఇచ్చిన నగదుకు మాత్రం మినహాయింపు ఉంది. దుకాణంలో 40 వేల రూపాయల చీరలు నగదుకు కొంటే ఆ 40 వేలూ లాభంలో కలిసిపోతాయి. యూపీఐతో ఇస్తే బాధ లేదు.

టర్నోవర్ కోటి దాటితే ఆడిట్. వసూళ్లలోనూ చెల్లింపుల్లోనూ నగదు 5 శాతం మించకపోతే ఆ పరిమితి 10 కోట్లు. కాబట్టి మామూలు ఆన్‌లైన్ వ్యాపారికి ఆడిట్ దాకా రావడం అరుదే. అవసరమై చేయించకపోతే టర్నోవర్‌లో అర శాతం, గరిష్ఠంగా లక్షన్నర జరిమానా.

అడ్వాన్స్ ట్యాక్స్ అనే మరచిపోయే తేదీ

టీడీఎస్ పోను కట్టాల్సింది 10 వేలు, ఆపైన ఉంటే అడ్వాన్స్ ట్యాక్స్, అంటే ఏడాది ముగియకముందే పన్ను, కట్టాలి. 0.1 శాతం టీడీఎస్ దేనికీ సరిపోదు కాబట్టి లాభం 12 లక్షలు దాటిన ఆన్‌లైన్ వ్యాపారులందరూ దాదాపుగా ఇందులోకి వస్తారు. 44ఏడీ, 44ఏడీఏ వాళ్లకు మార్చి 15 ఒక్కటే గడువు. మిగతావాళ్లకు జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి పూర్తిగా.

లాభం 15 లక్షలనుకుంటే పన్ను 1,05,000, సెస్సుతో 1,09,200. టీడీఎస్ 9,200 పోను లక్ష మిగిలింది. ఏడాదంతా ఏమీ కట్టకుండా జూలై చివర్లో రిటర్న్‌తో పాటు కడితే, సెక్షన్ 234బి కింద ఏప్రిల్ నుంచి నాలుగు నెలలకు 4,000 వడ్డీ. దానికి తోడు 234సి కింద 44ఏడీ మనిషికి 1,000, పుస్తకాల మనిషికి నాలుగు వాయిదాలకు 450, 1,350, 2,250, 1,000 చొప్పున 5,050. దసరా, దీపావళి అమ్మకాలు మొదట్లో ఊహించలేం కాబట్టి పుస్తకాలు రాసేవాళ్లు కనీసం డిసెంబరు వాయిదాలోనైనా అసలు లాభం లెక్క వేసి కడితే వడ్డీ బాగా తగ్గుతుంది.

ఖాతా ఎవరి పేరున ఉంది

ఉద్యోగం చేసే భర్త, విక్రేత ఖాతా భార్య పేరున. మన దగ్గర ఇది మామూలే. భార్యే నిజంగా వ్యాపారం నడుపుతుంటే ఇబ్బంది లేదు. అయితే పెట్టుబడి భర్త బహుమతిగా ఇచ్చింది అయితే, సెక్షన్ 64 ప్రకారం ఏడాది మొదటి రోజున ఉన్న మొత్తం పెట్టుబడిలో ఆ బహుమతి వాటా ఎంతో, లాభంలో అంత భాగం భర్త ఆదాయంలో కలుస్తుంది. సరైన వడ్డీకి అప్పుగా ఇచ్చి, బ్యాంకు ద్వారా పంపి, తిరిగి తీసుకుంటూ ఉంటే ఈ కలపడం రాదు. అమ్మ పాన్‌తో ఖాతా తెరిచి, రిటర్న్‌లో కొడుకు చూపడం మాత్రం అసలు నడవదు. టీడీఎస్, టర్నోవర్ రెండూ అమ్మ పాన్ మీద ఉంటాయి, ఆవిడ రిటర్న్ వేయలేదని ఆవిడకే నోటీసు వెళ్తుంది.

వాట్సాప్‌లో అమ్మి సొంత పొదుపు ఖాతాకు యూపీఐ తీసుకునేవాళ్లకు ఇంకో రకం చిక్కు. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపితే పెద్ద గొడవే అయింది. చిట్టీ డబ్బు, బంధువుల చేబదులు, అమ్మకాలు అన్నీ ఒకే ఖాతాలో పడితే ఏది అమ్మకమో విడదీసి చూపాల్సిన భారం ఖాతాదారుదే. వేరే ఖాతా, వేరే క్యూఆర్ పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టదు.

నోటీసు వస్తే, గడువు దాటితే

ఎక్కువగా వచ్చేది సెక్షన్ 139(9) కింద ‘లోపభూయిష్ట రిటర్న్’ నోటీసు. 26ఏఎస్‌లో 48 లక్షల మీద టీడీఎస్ క్రెడిట్ అడిగి, టర్నోవర్ 29 లక్షలు చూపితే కంప్యూటరే పట్టుకుంటుంది. 15 రోజుల్లో జవాబివ్వాలి. పైన చెప్పిన ఎక్సెల్ షీటు ఉంటే 39 లక్షలతో సరిచేసి, వాపసుల వల్లే మిగతా తేడా అని రాయొచ్చు. జవాబివ్వకుండా వదిలేస్తే రిటర్న్ చెల్లనిదైపోతుంది, అసలు వేయనట్టే లెక్క. రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయకపోయినా ఆ తేదీ నిలవదు.

లాభం కనీస పరిమితి లోపే ఉందని రిటర్న్ మానేయడానికి కూడా అన్నిసార్లూ వీలుండదు. వ్యాపార టర్నోవర్ 60 లక్షలు, వృత్తి వసూళ్లు 10 లక్షలు దాటినా, ఆదాయపు పన్ను చట్టం కింద పట్టిన టీడీఎస్, టీసీఎస్ కలిపి 25 వేలు చేరినా ఆదాయంతో పని లేకుండా వేయాలి. గడువు తేదీని పోర్టల్‌లోనే చూసుకోవాలి. 2025లో జూలై 31ని సెప్టెంబరు 15కి, ఆఖరి నిమిషంలో 16కి మార్చారు. ఆలస్య రుసుము 5 వేలు, ఆదాయం 5 లక్షల లోపైతే వెయ్యి.

గత ఏళ్లలో వ్యాపార ఆదాయం చూపకుండా వదిలేసినవాళ్లకు ఐటీఆర్-యు (అప్‌డేటెడ్ రిటర్న్) దారి ఉంది. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల దాకా వేయొచ్చు. పన్ను, వడ్డీల మీద అదనంగా మొదటి ఏడాది 25 శాతం, తర్వాత వరసగా 50, 60, 70 శాతం కట్టాలి. దీనితో రీఫండ్ అడగడానికి గానీ నష్టం చూపడానికి గానీ లేదు.